పెన్సిలు కింది గీత

చిన్నమ్మమ్మ బఠాణీలు ఒలుస్తోంది. బొటనవేలి గోరుతో కాయ వెన్ను చీల్చడం, గింజల్ని గిన్నెలోకి రాల్చడం, తొక్కని ఒళ్ళో పరుచుకున్న పాత పేపరు మీద పడేయడం, మూడూ ఒకే పనిలా జరిగిపోతున్నాయి. చూపు మాత్రం బల్ల మీదుంది. అక్కడ నలభై ఆరు పేజీలు వరసగా పరిచి ఉన్నాయి. పెద్దమామయ్య చేతులు వెనక్కి కట్టుకుని వాటి చుట్టూ తిరుగుతున్నాడు.

ఆయన ముప్పై నాలుగేళ్ళు స్టేషన్ మాస్టరుగా చేశాడు. రిటైరై ఎనిమిదేళ్ళయినా బల్ల చుట్టూ తిరిగినా సరే ప్లాట్‌ఫారం మీద తిరిగినట్టే ఉంటుంది. ఆయన ఇల్లు రెండు వీధుల అవతల. కానీ ఈ కుటుంబ పుస్తకం పని మొదలుపెట్టిన దగ్గర్నుంచీ రోజూ తొమ్మిదికల్లా ఇక్కడికి వచ్చేస్తున్నాడు. బల్ల ఇక్కడే పెద్దది. అక్షరాలు కొట్టిపెట్టి, పాత ఫోటోల మరకలు తీసి పెట్టే మేనకోడలూ ఇక్కడే ఉంది. పైగా ఆయన పెరిగిన గదులివి. వాళ్ళమ్మ పటం ఉన్న గోడ ఇది. వచ్చీ రాగానే చెప్పులు విడిచి ఆ పటం ముందు ఒక నిమిషం నిలబడి, అప్పుడు కుర్చీ లాక్కుంటాడు.

పుస్తకానికి ఆయన పెట్టిన రూళ్ళు మూడు. మనిషికొక పేజీ. పేజీకి పైన ఒక ఫోటో, అదీ పడుచు వయసుది, కింద ఆ మనిషి కథ. పేజీలు గురువారం పదకొండింటికి ప్రెస్సులో ఉండాలి. ఊరూరా ఉన్న చుట్టాలందరికీ పదకొండు ప్రశ్నలు రాసి పంపించి, జవాబులు రానివాళ్ళని ఫోన్లలో జోరీగలా వేధించి, ఆర్నెల్లలో ఇంతవరకూ లాక్కొచ్చాడు.

అమ్మాయి బల్ల కొసన కూచుని పేజీల మూలన అంకెలు వేస్తోంది. నలభై ఆరు వేసి కలం ఆపింది.

"మామయ్యా, చిన్నమ్మమ్మ పేజీ ఏదీ?"

"ఫోటో ఏదీ?"

"లేదు."

"మరింకేం? ఫోటో లేనివాళ్ళకి పేజీ లేదు. మా తాతయ్యకే లేదు తెలుసా? ఒకళ్ళకి సందిస్తే రేపు ఇంకొకళ్ళు అడుగుతారు. రూలంటే రూలే."

"పోనీ రేపు స్టూడియోలో నేనే ఒకటి తీస్తే?"

"ఏవిటీ, డెబ్భై తొమ్మిదేళ్ళ మొహాన్నా? పుస్తకంలో ఎవరూ ముసలివాళ్ళు కాకూడదన్నాను కదే. నేను కూడా టోపీ పెట్టుకుని ఎంత పోజుగా ఉన్నానో చూడు."

చిన్నమ్మమ్మ కాయ చీలుస్తూనే నవ్వింది. "ఈ మొహాన్ని తీస్తే నీ కెమెరా అద్దం పగులుతుంది. నీ ఉద్యోగం పోతుంది. నాకెందుకు లేవే ఆ పాపం."

అమ్మాయి కలం పక్కన పెట్టింది. ఆమెకి మాటలు తక్కువ, చూపెక్కువ. పనిచేసే ఫోటో స్టూడియోలో కూడా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నోరు విప్పకుండా ఫోటోల్లో మొహాల మీద గీతలు సరిచేస్తుంది కనక అందరూ ఆమెని టచింగమ్మాయి అనే పిలుస్తారు. ఇప్పుడామె తొమ్మిదో పేజీ దగ్గరకి లాక్కుంది. అది తన తల్లి పేజీ. ఏడాది బిడ్డ కుర్చీలో నిలబడి ఉంది. బిడ్డ చంక కింద నాలుగు వేళ్ళున్నాయి. మనిషి లేదు, వేళ్ళే. పధ్నాలుగో పేజీలో మామయ్య బళ్ళో బహుమతి పుచ్చుకున్న రోజు, పక్కన ఒక మోచెయ్యి. ఇరవై రెండులో ఎవరి పెళ్ళిదో గుంపు, వెనక తలుపు సందున ఒక బుజం. ఆ వేళ్ళకీ, మోచేతికీ, బుజానికీ పైనుండాల్సిన మొహం ఎదురుగుండా కూచుని బఠాణీలు ఒలుస్తోంది. తల్లి పోయాక ఐదేళ్ళ మామయ్యనీ, పాలు మానని అమ్మాయి తల్లినీ పెంచింది ఆ మొహమే. పెళ్ళి మాట ఎత్తనివ్వకుండా ఈ ఇంట్లోనే ఉండిపోయింది.

ఇన్ని ఫోటోల్లో ఇంత దగ్గరగా ఉన్న మనిషి ఒక్క దాంట్లో కూడా పడకుండా ఎలా ఉంటుంది? అమ్మాయికి కోపం రాలేదు. అదేమిటో తెలుసుకోవాలనిపించింది.

*

ఈ కుటుంబం ఫోటోలన్నీ ఆ స్టూడియోలోనే తీయించేది. ఓనరు తండ్రి కాలం నుంచీ ఒక్క నెగెటివ్ కూడా పారేయలేదు. అటక మీద చెక్కపెట్టెలు, పెట్టెల్లో వెన్నకాగితం కవర్లు, కవరు కవరుకీ ఒక నంబరు, తేదీ. మంగళవారం మధ్యాహ్నం గిరాకీ లేని వేళ చూసి అమ్మాయి నిచ్చెన వేసుకుంది. పేర్ల రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని, వేలితో వరసలు దాటుకుంటూ చిన్నమ్మమ్మ పేరు కోసం పదిహేనేళ్ళ పేజీలు వెతికింది. కళ్ళలోకి దుమ్ము తప్ప ఏమీ రాలేదు.

"పోలీసుల్లో చేరాల్సిన దానివి. ఇక్కడ కూచుని పెళ్ళికూతుళ్ళ మొటిమలు తీస్తున్నావు," అన్నాడు ఓనరు నిచ్చెన పట్టుకుని.

ఉత్త చేతుల్తో దిగడం ఇష్టం లేకపోయింది. మామయ్య పుస్తకం మొదటి పేజీలో అతికించిన అమ్మమ్మ ఫోటో, గోడ మీది పటంలోదే, పసుపెక్కిపోయింది. దాని వెనక ముద్రలో నంబరు ఆమెకి గుర్తే, 4117. నెగెటివ్ దొరికితే ఆ పేజీకి కొత్త ప్రింటు వేయొచ్చు. ఐదో పెట్టెలో దొరికింది. కవరు మీద తేదీ చూసి ఆమె నిచ్చెన మెట్టు మీదే కూచుండిపోయింది.

సెప్టెంబరు తొమ్మిది అనుంది.

మొదటి పేజీలో అక్షరాలు కొట్టింది తనే. మామయ్య వాళ్ళమ్మ ఆ ఏడాది జూలై ఇరవై ఎనిమిదిన పోయింది.

"సార్, ఇది ప్రింటు వేసిన తేదీనా?"

"కాదు. మా నాన్న తీసిన రోజే వేసేవాడు. ప్రింటుకి పక్కన వేరే గడి ఉంటుంది, చూడు."

"పాత ఫోటోకి కాపీ తీసుంటారేమో."

ఓనరు కవరులోంచి నెగెటివ్‌ని అంచులు పట్టుకుని తీసి, కింద దీపం ఉన్న గాజు బల్ల మీద పెట్టి భూతద్దం ఆనించాడు. "కాపీ అయితే కాగితం గరుకు కనిపిస్తుంది. ఇది మనిషిని కూచోబెట్టి తీసిందే. కళ్ళలో చూడు."

చూసింది. నెగెటివ్ కనక తెల్లగా కనిపిస్తున్న రెండు కనుగుడ్లలోనూ నాలుగు పలకల కిటికీ చిన్న నల్ల మచ్చలా ఉంది. తలెత్తితే అదే కిటికీ, పై గోడకి, ఇప్పటికీ వెలుగు పోస్తూనే ఉంది.

చనిపోయిన మనిషి నలభై మూడు రోజుల తర్వాత వచ్చి ఈ కిటికీ ఎదుట కూచుంది.

ఓనరు ఎవరో వస్తే ముందు గదిలోకి వెళ్ళాడు. అమ్మాయి భూతద్దాన్ని మొహం మీద మెల్లగా జరుపుకుంటూ పోయింది. పాత పద్ధతి టచింగు అది. నెగెటివ్ మీద పల్చగా ఒక ద్రావణం పూసి, అది ఆరాక సూదిలా చెక్కిన పెన్సిలుతో చుక్కలు పెడతారు. ఎక్కడ పెన్సిలు పడితే ప్రింటులో అక్కడ తెల్లబడుతుంది, ముడతా మచ్చా మాయమవుతాయి. ఓనరు తండ్రి చెయ్యి గొప్పది. చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం కూడా కొలిచినట్టుంది. కళ్ళ కింద చుక్కలు. పెదవుల మూలల చుక్కలు. గడ్డం మీద ఎడం పక్కన మాత్రం చుక్కలు చాలక అడ్డంగా గీతలు కూడా కొట్టాడు. ఏం కప్పడానికి అంత పెన్సిలు?

నెగెటివ్‌ని కొంచెం వాల్చింది. పెన్సిలు గీతలు మెరుస్తూ పక్కకి తప్పుకున్నట్టయింది. దాని కింద, పెదవి మూల నుంచి గడ్డం దాకా, సన్నటి గీత. చివర కొంచెం వంపు తిరిగి ఆగింది.

ఆ గీతని ఆమె రోజూ పొద్దున టీ తాగుతూ చిన్నమ్మమ్మ గడ్డం మీద చూస్తుంది.

*

"ఎవరే చెప్పారు నీకు?" అంది చిన్నమ్మమ్మ.

"నెగెటివే చెప్పింది."

చిన్నమ్మమ్మ ఉతికిన దుప్పటి రెండో కొసని అమ్మాయి చేతికిచ్చింది. ఇద్దరూ చెరో వైపు లాగి, మడిచి, దగ్గరికొచ్చి, మళ్ళీ దూరం జరిగారు. మూడో దుప్పటి అందిస్తూ ఆవిడ చెప్పింది.

"మీ అమ్మమ్మకి ఒక్క ఫోటో కూడా లేదే. ఇవాళ తీయించుకుందాం రేపు తీయించుకుందాం అనుకుంటూనే పోయింది. మీ మామయ్య ఆ నెలంతా వీధి గుమ్మంలోంచి కదల్లేదు. అన్నం పెడితే మూతి తిప్పేసేవాడు. అమ్మ మొహం మర్చిపోతున్నానని ఏడ్చేవాడు. ఐదేళ్ళ వెధవకి అంత బెంగ ఎక్కడిదో! మీ తాతయ్య చూసి చూసి, అక్క శాలువా నాకు కప్పి, అక్క పిన్ను పెట్టి, పద అన్నాడు. పద్దెనిమిదేళ్ళ దాన్ని, పదమంటే పోయాను. ఫోటో తెచ్చి చూపించేసరికి వాడు 'అమ్మ' అన్నాడు. ఆ పూట రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. ఇంక ఏ నోటితో కాదని చెప్పను?"

"తర్వాతైనా చెప్పలేదా?"

"తర్వాత అంటే ఎప్పుడే? పదేళ్ళొచ్చాకా? ఉద్యోగం వచ్చాకా? వాడి పెళ్ళిలోనా? రోజులు గడిచేకొద్దీ అది ఇంకా పెద్దదైపోయింది."

"మరి మామయ్య పోల్చుకోలేదా, నువ్వు ఎదురుగా తిరుగుతుంటే?"

"అక్కచెల్లెళ్ళకి పోలికలుండవా అంటాడు. పక్కపక్కన పెట్టి చూస్తే కదా తెలిసేది. పక్కన పెట్టనిస్తేనా నేను!"

అమ్మాయి చేతుల్లో దుప్పటి ఆగింది. తొమ్మిదో పేజీలో వేళ్ళు, పధ్నాలుగులో మోచెయ్యి, ఇరవై రెండులో తలుపు చాటు బుజం వరసగా కళ్ళ ముందుకొచ్చాయి.

"అందుకేనా ఒక్క ఫోటోలోనూ పడలేదు నువ్వు?"

"మొదట్లో కష్టమనిపించింది. తర్వాత అలవాటైపోయింది. కెమెరా కనపడితే చాలు, నాకు వంటింట్లో పని గుర్తొచ్చేది." దుప్పట్లు బీరువాలో పెట్టి తలుపు మూసింది. "వాడితో అనకు. ఆ పటం లేకపోతే వాడికి తల్లే లేదు. నాకు పేజీ లేకపోతే ఏం కొంప మునిగింది?"

అమ్మాయి తలూపింది. కానీ ఆ రాత్రి పడుకున్నా ఆలోచన పేజీ మీదికి పోలేదు. ఆ పెన్సిలు కింద పద్దెనిమిదేళ్ళ చిన్నమ్మమ్మ ఎలా ఉందో. అదొక్కటే.

*

బుధవారం ఓనరు టీ తాగి తీరిగ్గా ఉన్నప్పుడు అడిగింది. "ఇది తుడవనా సార్?"

"టర్పెంటైన్‌తో పోతుంది. కానీ పోతే మళ్ళీ రాదు. మా నాన్న చెయ్యి ఇప్పుడెవరికుంది?" తల గోక్కున్నాడు. నెగెటివ్‌ని వెలుగుకి పెట్టి చాలాసేపు చూశాడు. "సరే తుడువు. ఆయన జీవితమంతా జనం మొహాలు తుడుస్తూనే బతికాడు. ఆయనదొకటి తుడిస్తే ఏమీ అనుకోడు."

ముందు ఉన్నదున్నట్టు స్కాన్ తీసి దాచింది. పుల్లకి దూది చుట్టి, టర్పెంటైన్‌లో ముంచి, బాటిల్ మూతికి ఒత్తి, గడ్డం మీద తాకీ తాకనట్టు తిప్పింది. దూది బూడిదరంగుకి మారింది. పుల్ల మార్చింది. గడ్డం అయ్యాక పెదవుల మూలలు, అవయ్యాక కళ్ళ కింద. తొమ్మిది పుల్లలు పట్టాయి. అవన్నీ బల్ల మీద వరసగా పెట్టుకుంది, ఎందుకో పారేయబుద్ధి కాలేదు.

డార్క్‌రూములో ఎర్రదీపం కింద కాగితాన్ని ట్రేలో ఊపుతూ నిలబడింది. ముందు శాలువా అంచు వచ్చింది. తర్వాత జుట్టు, పిన్ను. చివరికి మొహం.

గీత ఒక్కటే వస్తుందనుకుంది. వచ్చింది వేరే మొహం. పటంలో మొహానికి పెదవుల చివర ఉన్నట్టుండే చిరునవ్వు లేదు. ఆ నవ్వు పెన్సిలుది. కళ్ళ కింద ఉబ్బి, రెప్పలు బరువెక్కి ఉన్నాయి. చాలా ఏడ్చి, మొహం కడుక్కుని, వెంటనే వచ్చి కూచున్న పిల్ల. అక్క శాలువా బుజాలకి వదులైంది. జారిపోకుండా లోపల నుంచి పిడికిలితో పట్టుకున్నట్టు గుడ్డలో ముడత కూడా తెలుస్తోంది.

సాయంత్రం ఇంటికెళ్ళగానే కాగితం విప్పి ఆ ప్రింటు చిన్నమ్మమ్మ చేతిలో పెట్టింది. ఆవిడ కళ్ళజోడు తీసి కొంగున తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. కిటికీ దగ్గరికి నడిచింది. ప్రింటుని దూరంగా పెట్టి చూసింది, దగ్గరికి తెచ్చి చూసింది. తెలియకుండానే వేలు తన గడ్డం మీదికి పోయింది.

"ఎంత చిన్నపిల్లనే," అంది.

వేలు గడ్డం మీదే ఉంచి మళ్ళీ అంది. "అప్పటికే నేను పెద్దదాన్ననుకున్నాను ఇన్నాళ్ళూ."

పొయ్యి మీద నీళ్ళు మరిగి మరిగి సగమైనా ఆవిడ కిటికీ వదల్లేదు. ఆ తర్వాత వచ్చి బల్ల మీద పేజీలు ఒకటొకటీ తిప్పి, ఏ ఫోటో ఎంతుందో జానతో కొలిచింది.

"పేజీకి ఏ సైజు కావాలే?"

"ఇదే సైజు."

"అయితే పెట్టెయ్."

"మామయ్య?"

"వాడికి అరవై ఆరేళ్ళొచ్చాయి. ఇప్పుడు అన్నం మానేయడులే."

*

గురువారం తొమ్మిదింటికి మామయ్య చెప్పులు విడిచాడు, పటం ముందు నిలబడ్డాడు, కుర్చీ లాక్కున్నాడు. చంకలో ప్రెస్సుకి తీసుకెళ్ళడానికి అట్టపెట్టె. వేలు తడి చేసుకుని పేజీలు లెక్కపెట్టాడు.

"నలభై ఏడొచ్చాయే? ఎక్కడో ఒకటి రెండుసార్లు పడింది." మళ్ళీ మొదలుపెట్టి, మూడో పేజీ దగ్గర ఆగాడు. మొహం విప్పారింది. "పిన్ని! ఓసి నీ దుంపతెగ, ఎక్కడ పట్టావే? స్టూడియోలో ఎక్కడో ఉండే ఉంటుందనుకున్నాను! ఆ గీత చూడు, చిన్నప్పటి నుంచీ ఉందన్నమాట."

మామయ్య నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే కళ్ళు కిందికి జారాయి. శాలువా అంచు. పిన్ను. ఆయన మొదటి పేజీ తీసి దాని పక్కన పెట్టాడు. అంచుకి అంచు కలిపాడు. ఇంటి కింద ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆ మోత దూరమై వినపడకుండా పోయేదాకా ఆయన తలెత్తలేదు.

"ఏం చేశావు దీన్ని?" అన్నాడు. "అమ్మ మొహం మీద గీత గీశావా?"

"గీయలేదు మామయ్యా. తుడిచాను."

"నాకు నీ టచింగు వేషాలు..."

"దాన్నెందుకురా అంటావు?" చిన్నమ్మమ్మ వంటింటి గుమ్మంలో చేతులు తుడుచుకుంటోంది. "నన్నడుగు."

ఆయన అడగలేదు. ఆవిడే చెప్పింది, నిలబడే చెప్పింది. శాలువా, గుమ్మం, తినని అన్నం, రెండుసార్లు పెట్టించుకున్న అన్నం. అమ్మాయికి చెప్పినంత కూడా చెప్పలేదు, నాలుగు మాటల్లో అయిపోయింది. మామయ్య మధ్యలో లేచాడు, కూచున్నాడు, మళ్ళీ లేచి పటం దాకా వెళ్ళి దాని వైపు చూడకుండానే తిరిగొచ్చాడు.

"అరవై ఒక్క ఏళ్ళు. మొదటి జీతం పట్టుకొచ్చి చూపించాను దానికి. నా కూతురు పుడితే ఎత్తుకొచ్చి చూపించాను. నువ్వు పక్కనే నిలబడి చూస్తున్నావు పిన్నీ!"

"చూశాను. నాకే చూపిస్తున్నావనుకుని సంతోషించాను కూడా. తిట్టుకో."

ఆయన తిట్టలేదు. నోట్లో మాట అటూ ఇటూ కదిపి, చివరికి చాలా చిన్న గొంతుతో అడిగాడు. "అయితే అమ్మ ఎలా ఉండేది?"

చిన్నమ్మమ్మ వచ్చి ఎదుటి కుర్చీలో కూచుంది. కళ్ళు మూసుకుంది. రెప్పల కింద గుడ్లు కదులుతుండడం అమ్మాయికి కనపడింది.

"రావడం లేదురా. రోజూ ఆ పటం తుడిచి తుడిచి... తలుచుకుంటే నా మొహమే వస్తోంది."

మామయ్య మొదటి పేజీని ముందుకి లాక్కున్నాడు. ఫోటో నాలుగు మూలలూ గోటితో లేపి బయటికి తీశాడు. కింద ఖాళీ చతురస్రం మిగిలింది. "ఫోటో లేనివాళ్ళకి పేజీ..." అని ఆపేశాడు. కాగితాన్ని మడవబోయాడు.

"ఉండు," అంది చిన్నమ్మమ్మ. చెయ్యి చాపి ఆ పేజీ తన వైపు తిప్పుకుని, ఆయన రాసింది మొదటిసారి చదివింది. చదువుతూ కనుబొమ్మలు పైకెత్తింది. "'శాంతమూర్తి. ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగదు.' ఎవరు? మా అక్కా?"

నవ్వు ఆగక బల్ల అంచు పట్టుకుంది. అమ్మాయి ఆవిడ అంతలా నవ్వడం ఎప్పుడూ చూడలేదు.

"ఎవరు చెప్పారురా నీకు?"

"చూస్తే తెలియడం లేదూ, ఆ మొహంలో..." అని మామయ్య మళ్ళీ ఆగిపోయాడు.

"ఆ మొహం నాది. ఆ శాంతం టచింగాయనది. మా అక్కకి ముక్కు మీదుండేది కోపం. పాలవాడు దాని గొంతు వింటే వెనక వీధిలోంచి పోయేవాడు. ఏది చేతికి దొరికితే అది విసిరేది, ఎడం చేత్తో. గురి మాత్రం ఎప్పుడూ తప్పలేదు." గడ్డం ముందుకి చాపి గీత మీద వేలు పెట్టింది. "ఇదేమిటనుకుంటున్నావు?"

"మెట్ల మీద పడ్డావని..."

"పిల్లలకలాగే చెబుతారు. తాళాలగుత్తి. నాకు తొమ్మిదేళ్ళు. దాని రిబ్బను నేను పెట్టుకున్నానని మా పుట్టింట్లో గది ఆ చివర నుంచి విసిరింది. రక్తం చూసి నాకంటే ఎక్కువ అదే ఏడ్చింది. రెండ్రోజులు నా పక్కలోంచి లేవలేదు. రిబ్బను నాకే ఇచ్చేసింది, ఆ తర్వాత మూడు నెలలు ఆ సంగతి చెప్పి దెప్పుతూనే ఉంది." నవ్వు మెల్లగా తగ్గింది. "ఆ ఫోటోలో మీ అమ్మ చేసింది ఏదైనా ఉందంటే ఇదొక్కటేరా. దాన్నే కనపడకుండా చేశాడు ఆయన."

మామయ్య కొత్త ప్రింటుని అందుకున్నాడు. అమ్మాయి అడక్కుండానే భూతద్దం ఆయన వైపు జరిపింది. ఆయన వంగి, పెదవి మూల నుంచి గడ్డం వంపు దాకా, ఆ గీత వెంట భూతద్దాన్ని అంగుళమంగుళం నడిపించాడు. చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికి తెచ్చాడు.

జేబులోంచి కలం తీశాడు. మొదటి పేజీలో 'శాంతమూర్తి' మీద ఒక అడ్డగీత కొట్టాడు. దాని పైన, రిజిస్టర్లు రాసిన గుండ్రటి చేత్తో, 'మహా కోపిష్టి. ఎడంచేతి వాటం' అని రాశాడు.

"తర్వాత?" అన్నాడు తలెత్తకుండా.

"తర్వాతేమిటి?"

"ఇంకా ఏం విసిరేది?"

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. వరసా వావీ లేకుండా వచ్చాయి. అక్క బోర్లా పడుకునేది. భయమేస్తే నవ్వొచ్చేది, అందుకని చావు ఇళ్ళకి తీసుకెళ్ళేవాళ్ళు కాదు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు నాలుక బయటపెట్టేది. కొడుకు నడక నేర్చిన రోజున వీధిలో పోయే ప్రతివాళ్ళనీ ఆపి నడిపించి చూపించింది. మామయ్య రాస్తున్నాడు. పదకొండు ప్రశ్నల్లో ఒక్కటీ అడగలేదు. ప్రతిసారీ ఒకటే మాట, "ఇంకా?" పేజీ నిండింది. వెనక్కి తిప్పాడు. ఆర్నెల్లుగా ఊరూరా అందరినీ అడిగినవాడు, ఇదే ఇంట్లో టీ పెట్టిచ్చిన మనిషిని ఇవాళే అడుగుతున్నాడని అమ్మాయి గమనించింది. ఆయనకీ తట్టినట్టుంది, ఒకసారి కలం ఆపి చిన్నమ్మమ్మ వైపు చూసి, గబుక్కున కళ్ళు దించుకున్నాడు.

పదకొండూ ఐదుకి ఫోను మోగింది. ప్రెస్సతను. మామయ్య కలం పట్టుకున్న చెయ్యి ఎత్తి, అడ్డంగా ఊపాడు.

"ఇవాళ కుదరదట," అంది అమ్మాయి ఫోనులో. అవతల నుంచి "ఎవరూ, మాస్టారేనా అన్నది?" అని రెండుసార్లు అడిగారు.

పెట్టేసి వచ్చేసరికి చిన్నమ్మమ్మ మాటల మధ్య ఎడం పెరిగింది. ఒకటి చెప్పి కిటికీ వైపు చూస్తోంది. మామయ్య ఇంకో కాగితం తీసుకుని పైన గీత కొట్టుకున్నాడు.

"ఇంకా?" అన్నాడు.

ఆవిడ బల్ల మీదికి వంగింది. కొత్త ప్రింటుని మూడో పేజీలో దాని చోట మళ్ళీ పెట్టి, నాలుగు మూలలూ బొటనవేలితో నొక్కింది. లేచింది. మేకుకున్న శాలువా తీసి బుజాల మీద వేసుకుంది. గుమ్మం దగ్గర గోడ పట్టుకుని ఒక కాలికి చెప్పు తొడుక్కుంది, తర్వాత రెండో కాలికి.

"పిన్నీ, ఎక్కడి..." అని మామయ్య అనబోయి మిగతా మాట మింగేశాడు.

తలుపు మెల్లగా దగ్గరికి పడింది. అమ్మాయి కిటికీ దగ్గరికి వెళ్ళింది. చిన్నమ్మమ్మ మెట్లు దిగి వీధిలోకి వచ్చి, కూరల కొట్టు దాటింది, మందుల షాపు దాటింది. ఇంటి పని లేకుండా ఆవిడ ఒక్కతే వీధిలోకి వెళ్ళడం అమ్మాయి ఎప్పుడూ చూడలేదు. చేతిలో సంచీ లేదు.